పది రోజుల్లో కడితే రెండు శాతం: రూపాయి వడ్డీ లెక్కలో దాని అసలు విలువ

అనంతపురంలోనో కర్నూలులోనో ఇనుము, సిమెంటు దుకాణం కాంట్రాక్టరుకు ఇచ్చే బిల్లు అడుగున, సంతకం గడికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం తరచు కనిపిస్తుంది: "10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం సీడీ, లేనిపక్షంలో గడువు 30 రోజులు." సీడీ అంటే క్యాష్ డిస్కౌంట్. ముందుగా డబ్బు కట్టినందుకు బిల్లులో తగ్గించే మొత్తం అది. పని ఒత్తిడిలో ఉన్న కాంట్రాక్టరు ఈ వాక్యాన్ని చదవడు. చదివినా, లక్షకు రెండు వేలే కదా అనుకుని, ఆ డబ్బు చేతిలో ఉంటే మరో ఇరవై రోజులు పని నడుస్తుందని పక్కన పెడతాడు. పని నడవడం గురించి అతని ఆలోచనలో తప్పు లేదు, కానీ రెండు వేలను చిన్న మొత్తంగా లెక్కించడంలో పొరపాటు ఉంది. ఆ రెండు శాతం ఏడాదికి కాదు, కేవలం ఇరవై రోజులకు.

మన ప్రాంతంలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని కాకుండా, నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెప్పుకోవడం అలవాటు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24. సీడీని కూడా ఈ భాషలోకి మార్చుకుంటే దాని బరువు వెంటనే తెలుస్తుంది. పదో రోజున 98 రూపాయలు కడితే తీరిపోయే బాకీని ముప్పయ్యో రోజు దాకా ఆపి 100 రూపాయలు కట్టేవాడు, నిజానికి దుకాణదారు దగ్గర 98 రూపాయలను ఇరవై రోజులకు అప్పుగా తీసుకుని 2 రూపాయలు వడ్డీ ఇస్తున్నట్టే. ఇరవై రోజులకు 2 రూపాయలైతే ముప్పై రోజులకు 3 రూపాయలు. అంటే ఆ బిల్లు మీద కాంట్రాక్టరు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తున్నాడన్నమాట. లెక్క కచ్చితంగా ఉండాలంటే 2ను 98తో భాగించి, ఏడాదిలోని 365 రోజులను 20తో భాగించగా వచ్చే 18.25తో గుణించాలి, ఏడాదికి 37.24 శాతం తేలుతుంది. చక్రవడ్డీగా చూస్తే 44 శాతం దాటుతుంది. బజారులో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే వద్దని లేచి వచ్చే మనిషి కూడా, బిల్లు అడుగున అదే వడ్డీ వేరే మాటల్లో రాసి ఉంటే గుర్తించలేకపోతాడు.

ఈ లెక్కకు కాగితం కూడా అవసరం లేదు. తగ్గింపు శాతాన్ని ముందుగా కట్టే రోజుల సంఖ్యతో భాగించి ముప్పైతో గుణిస్తే ఎన్ని రూపాయల వడ్డీయో వస్తుంది. ఒక శాతం తగ్గింపు కోసం 15 రోజులు ముందుగా కట్టాల్సి వస్తే అది రెండు రూపాయల వడ్డీ. 30 రోజులు ముందుగా కట్టాల్సి వస్తే రూపాయి వడ్డీ. అరశాతం కోసం 30 రోజులు ముందుగా కట్టమంటే అర్ధరూపాయి వడ్డీ. సిమెంటు దుకాణాల్లో శాతాల మాట రాదు, బస్తాకు ఇన్ని రూపాయలని చెబుతారు. పన్నుతో కలిపి బస్తా 340 రూపాయలనీ, వారంలో కడితే 6 రూపాయలు తగ్గిస్తామనీ, లేకపోతే నెల గడువనీ అన్నారనుకుందాం. 334 రూపాయల మీద 6 రూపాయలు, 23 రోజులకు. అది రెండు రూపాయల 34 పైసల వడ్డీ అవుతుంది. బస్తాకు ఆరు రూపాయలంటే టీ ఖర్చులా వినిపిస్తుంది గాని, రెండు రూపాయల పైచిలుకు వడ్డీని ఎవరూ టీ ఖర్చుగా చూడరు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఏడాదికి 37 శాతమన్న అంకె నిజం కావాలంటే అదే డబ్బు ఏడాదిలో పద్దెనిమిదిసార్లు తిరగాలి కదా, ఒక్క పనికి ఒక్కసారి సరుకు కొనేవాడికి ఆ లాభం ఎక్కడిది అని. అనుమానం సరైనదే. ఏడాది మొత్తానికి అంత రాబడి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఇక్కడ పోల్చుకోవలసింది ఏడాది రాబడితో కాదు, ఆ ఇరవై రోజులకు డబ్బును మరో చోట నుంచి తెచ్చుకుంటే అయ్యే ఖర్చుతో. నెలసరి వడ్డీ లెక్క ఇక్కడ మేలు చేయడానికి కారణం కూడా అదే.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఒక పరిమితి దాకా కావలసినప్పుడు వాడుకునే అప్పు) ఖాతా ఉన్నవాడికి ఏడాదికి 11 శాతం పడుతుందనుకుంటే, అది నూటికి నెలకు 92 పైసలు. పైగా ఓడీలో వాడుకున్న మొత్తం మీద, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. 92 పైసలకు తెచ్చి మూడు రూపాయల వడ్డీని తప్పించుకోవడం మంచి బేరం. ప్రైవేటు ఫైనాన్సులో రెండు రూపాయలకు తెచ్చుకునేవాడికి కూడా కాగితం మీద లాభమే కనిపిస్తుంది. కాని చాలా చోట్ల ఇరవై రోజులకు తిరిగి కట్టినా నెల నిండినట్టే లెక్కవేసి పూర్తి నెల వడ్డీ తీసుకుంటారు. అప్పుడు ఇరవై రోజులకే నూటికి రెండు రూపాయలు పోతాయి, అంటే అది కూడా మూడు రూపాయల వడ్డీయే. అటు దుకాణదారు తగ్గించినది ఇటు ఫైనాన్సు మనిషి చేతికి చేరుతుంది తప్ప కాంట్రాక్టరుకు మిగిలేది లేదు. జీఎస్టీ లెక్క కూడా కలిపితే నష్టమే వస్తుంది.

ఆ లెక్క కొంచెం నిదానంగా చూడవలసినది. లక్ష రూపాయల ఇనుముకు 18 శాతం పన్ను కలిపి బిల్లు 1,18,000 అవుతుంది. రెండు శాతం తగ్గింపును దుకాణదారు లక్ష మీద ఇస్తాడా, మొత్తం బిల్లు మీద ఇస్తాడా అన్నది మొదటి ప్రశ్న. మొత్తం మీద ఇచ్చి 2,360 రూపాయలు తగ్గించి, అందుకు జీఎస్టీతో కూడిన క్రెడిట్ నోటు, అంటే బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ రాసే పత్రం, ఇస్తే, అందులోని 360 రూపాయలు పన్ను భాగం. ఆ మేరకు కాంట్రాక్టరు తాను తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నును తన పన్ను బాకీలో తగ్గించుకున్న మొత్తాన్ని, వెనక్కి ఇవ్వాలి. మిగిలే నికర లాభం 2,000. అలా కాకుండా పన్ను జోలికి పోకుండా వాణిజ్య క్రెడిట్ నోటు, అంటే ఫైనాన్షియల్ క్రెడిట్ నోటు, 2,000 రూపాయలకు ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఈ విషయాన్ని పరోక్ష పన్నుల కేంద్ర బోర్డు 2025 సెప్టెంబరు 12 నాటి 251వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. రెండు దారుల్లోనూ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే కాంట్రాక్టరుకు మిగిలేది 2,000 రూపాయలే. కానీ ఇరవై రోజులు ముందుగా కట్టే డబ్బు 98,000 కాదు, పన్నుతో కలిపి సుమారు 1,16,000. అంటే అసలు తగ్గింపు రెండు శాతం కాదు, 1.72 శాతం, వడ్డీ మూడు రూపాయలు కాదు, రెండు రూపాయల అరవై పైసలకు కాస్త తక్కువ. ఓడీ నుంచి 1,16,000 తీస్తే ఇరవై రోజులకు 11 శాతం చొప్పున సుమారు 700 రూపాయలు పడుతుంది, 1,300 మిగులుతుంది. ప్రైవేటు ఫైనాన్సులో అదే మొత్తం తెచ్చి పూర్తి నెల వడ్డీ రెండు రూపాయల చొప్పున కడితే 2,320 అవుతుంది. తగ్గింపు 2,000 పోగా చేతి నుంచి మరో 320 పోతుంది. కాంపోజిషన్ పద్ధతిలో (టర్నోవరు మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతి) ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేని చిన్న కాంట్రాక్టరుకు మాత్రం మొత్తం బిల్లు మీద ఇచ్చిన 2,360 పూర్తిగా లాభమే. అతను అడగవలసింది లక్ష మీద తగ్గింపును కాదు, బిల్లు మొత్తం మీద తగ్గింపును.

దుకాణదారు వైపు నుంచి చట్టం చెప్పేది కూడా తెలిసి ఉంటే బేరం సులువవుతుంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 15వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, సరుకు ఇచ్చేటప్పుడే బిల్లులో చూపిన తగ్గింపు మీద పన్ను ఉండదు. తర్వాత ఇచ్చే తగ్గింపును పన్ను విలువలోంచి తీసివేయాలంటే, ఆ తగ్గింపు గురించి సరఫరాకు ముందో సరఫరా సమయంలోనో ఒప్పందం ఉండాలి, ఏ బిల్లుకు సంబంధించినదో తేలాలి, కొన్నవాడు ఆ మేరకు క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఈ ముందస్తు ఒప్పందపు షరతును తొలగించాలని జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరులో జరిగిన 56వ సమావేశంలో సిఫారసు చేసింది. షరతు ఉన్నా పోయినా, తగ్గింపు మాట కాగితం మీద ఉండటం కాంట్రాక్టరుకే రక్ష. నోటిమాటగా ఒప్పుకున్న సీడీ ఖాతా తేల్చే రోజున ఎలా మాయమవుతుందో ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలుసు.

ఇంతవరకు చెప్పినదంతా ముప్పై రోజుల గడువు నిజంగా ముప్పై రోజులేనన్న లెక్క మీద నడిచింది. మన దగ్గర గడువు ముప్పై అని రాసినా, ప్రభుత్వ బిల్లు పడలేదని చెప్పి అరవై రోజులకు కట్టడం, దుకాణదారు సణుగుతూనే ఒప్పుకోవడం మామూలే. అలాంటి చోట పోలిక మారుతుంది. రెండు శాతం కోసం ఇరవై రోజులు కాదు, యాభై రోజులు ముందుగా కట్టినట్టు అవుతుంది. అప్పుడు వడ్డీ రూపాయి ఇరవై పైసల దగ్గరికి దిగుతుంది. ఓడీ ఉన్నవాడికి ఇప్పటికీ కాస్త లాభం. బయట రెండు రూపాయలకు తెచ్చేవాడికి నష్టం.

అయితే ఆలస్యం ఎంతవరకు చెల్లుతుందన్నది దుకాణదారు మంచితనం మీద మాత్రమే ఆధారపడి లేదు. సరుకు అమ్మినవారు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. బేతంచెర్లలో పలకలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ, తాడిపత్రిలో నల్లబండలు కోసే యూనిట్, కడప చుట్టుపక్కల సిమెంటు దిమ్మెలు పోసేవారు ఇలాంటి నమోదు తీసుకుని ఉండవచ్చు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉందేమో చూసుకోవాలి. వారు తయారు చేసిన సరుకును తెచ్చి అమ్మే దుకాణదారుకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. 2021 జులైలో వ్యాపారులకు ఉద్యమ్ నమోదు అవకాశం ఇచ్చినప్పుడు, దాన్ని బ్యాంకుల ప్రాధాన్యరంగ రుణాలకే పరిమితం చేశారు. ఒకే బండలు, ఒకే ధర, కానీ ఫ్యాక్టరీ నుంచి తెస్తే ఒక గడువు, దుకాణం నుంచి తెస్తే మరొక గడువు. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడేవారు చాలామంది.

2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్నులోకి కూడా ఈ గడువును తెచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43బి సెక్షన్‌లో చేర్చిన 'హెచ్' క్లాజు ప్రకారం, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటించి కట్టిన మొత్తాన్ని కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా ఒప్పుకుంటారు. ఫిబ్రవరిలో గడువు తీరిన బిల్లును ఏప్రిల్‌లో కడితే, మార్చి 31తో ముగిసిన ఏడాదిలో ఆ సరుకు ఖర్చు లెక్కలోకి రాదు, లేని లాభం మీద పన్ను పడుతుంది. అలాంటి సరఫరాదారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సీడీ ఇస్తానంటే, ఆ తగ్గింపుకు పన్ను భారం తప్పడం కూడా తోడవుతుంది కాబట్టి నా దృష్టిలో అది వదులుకోకూడని అవకాశం. ఇక ఎవరి బిల్లైనా 180 రోజులు దాటిస్తే జీఎస్టీలో తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టవలసి వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

వడ్డీ లెక్కలో సీడీ గెలిచినంత మాత్రాన ప్రతిసారీ తీసుకోవాలని కాదు. కాంట్రాక్టరు చేతిలోని డబ్బుకు ఒక వరుస ఉంది. శనివారం కూలీలకు బట్వాడా ఆగితే సోమవారం మేస్త్రీ రాడు. డీజిల్ లేక జేసీబీ నిలిస్తే అద్దె మాత్రం నిలవదు. ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కి, అప్పటిదాకా జరిగిన పనికి రన్నింగ్ బిల్లు తయారై, డబ్బు ఖాతాలో పడేదాకా ఎన్ని వారాలన్నది కాంట్రాక్టరు చేతిలో లేదు. పడినప్పుడు కూడా ఆదాయపు పన్ను టీడీఎస్, రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాలకు 2 శాతం జీఎస్టీ టీడీఎస్, ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు, నాణ్యత పూచీగా ఆపే డిపాజిట్ పోగా మిగిలినదే చేతికి వస్తుంది. ఉన్న రొక్కమంతా సీడీల కోసం కట్టేసి, బిల్లు మరో నెల ఆలస్యమై, కూలీ డబ్బుల కోసం అత్యవసరంగా నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే, మూడు రూపాయలు మిగిల్చిన తెలివి వృథా అవుతుంది. అందుకే మూడు నాలుగు వారాల కూలీ, ఇంధనం ఖర్చులు పక్కన పెట్టాక మిగిలిన డబ్బుతోనో, ఓడీలో ఇంకా వాడని పరిమితితోనో మాత్రమే సీడీ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకొక విషయం డబ్బు లెక్కలకు అందనిది. చెల్లించని బాకీ కాంట్రాక్టరు చేతిలో ఒక రకమైన పూచీ. కంకరలో దుమ్ము ఎక్కువుందనో, ఇటుకలు నీళ్లలో నానగానే చితుకుతున్నాయనో పదిహేనో రోజున తెలిస్తే, డబ్బు ఇంకా కట్టని బిల్లు మీద మాట్లాడటం తేలిక. కాంక్రీటు దిమ్మెల బలపరీక్ష పూర్తి ఫలితం 28 రోజులకు గాని రాదు. పరీక్ష పత్రంతో వచ్చే కంపెనీ సిమెంటుకూ, ఇనుముకూ ఈ భయం తక్కువ కాబట్టి ముందుగా కట్టవచ్చు. కొత్త క్రషర్ నుంచి వచ్చే కంకరకు మాత్రం రెండు శాతం కోసం ఆ పూచీని వదులుకోవద్దు.

తగ్గింపు నిజమైనదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. కొందరు అరువు ధరను ముందే పెంచి, దాని మీద సీడీ ఇస్తారు. టన్నుకు వెయ్యి రూపాయలు ఎక్కువ వేసి, పది రోజుల్లో కడితే వెయ్యి తగ్గిస్తామంటే, అక్కడ తగ్గింది ఏమీ లేదు. మరో రెండు దుకాణాల్లో రొక్కపు ధర అడిగి చూస్తేనే ఇది బయటపడుతుంది. ఎక్కువ సరుకు కొన్నందుకు ఇచ్చే ట్రేడ్ డిస్కౌంట్‌ను సీడీతో కలపకూడదు; దానికి గడువుతో సంబంధం లేదు కాబట్టి ఆలస్యంగా కట్టినా అది పోకూడదు. ఇక యజమానికి వాస్తవ ఖర్చు, దాని మీద ఇంత శాతం అన్న పద్ధతిలో ఇల్లు కట్టేవారు, సీడీ ఎవరిదన్నది ముందే రాసుకోవాలి. వాస్తవ ఖర్చు అన్న తర్వాత, వేరే మాట రాసుకోకపోతే, ఆ తగ్గింపు యజమానికి చెందడమే న్యాయం. ముందుగా కట్టింది తన సొంత డబ్బు అయితే కాంట్రాక్టరు ఆ సంగతి ముందే చెప్పి తన వాటా అడగాలి.

పాత బాకీలున్న ఖాతాలో ఒక చిక్కు తరచు వస్తుంది. కొత్త బిల్లుకు సీడీ వస్తుందని పదో రోజున డబ్బు పంపితే, దుకాణదారు దాన్ని ఆరు నెలల నాటి బాకీకి జమ వేసుకుని, కొత్త బిల్లు ఇంకా తీరలేదు కాబట్టి సీడీ లేదంటాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చింది. 59వ సెక్షన్ ప్రకారం బాకీదారు ఫలానా బాకీకని చెప్పి కట్టిన డబ్బును, తీసుకున్నవాడు ఆ బాకీకే జమ వేయాలి. ఏమీ చెప్పకుండా కడితే, ఏ బాకీకన్నది సందర్భాన్ని బట్టి కూడా తేలకపోతే, 60వ సెక్షన్ కింద ఆ ఎంపిక బాకీ రావలసినవాడిది. ఇద్దరూ ఏమీ అనకపోతే 61వ సెక్షన్ ప్రకారం పాతది ముందు తీరుతుంది. కాబట్టి ఆర్‌టీజీఎస్ పంపేటప్పుడు వివరాల గడిలో బిల్లు నంబరు రాయడం, అదే మాట వాట్సాప్‌లో పంపడం అనే రెండు నిమిషాల పని వేల రూపాయల విలువ చేస్తుంది.

ఇదే లెక్క తిరగబడి కాంట్రాక్టరు మీదికి కూడా వస్తుంది. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడల్లో పెద్ద సంస్థల కింద సబ్ కాంట్రాక్టు చేసేవారిని, "మూడు శాతం తగ్గించుకుంటే వారంలో ఇస్తాం, లేకపోతే రెండు నెలలు" అని అడిగితే, అది 53 రోజులకు మూడు శాతం, అంటే దాదాపు రూపాయి డెబ్బై పైసల వడ్డీ. బయట రెండు రూపాయలకు తెచ్చుకుంటున్నవాడు ఒప్పుకోవచ్చు, ఓడీ ఉన్నవాడు ఒప్పుకోనక్కర్లేదు. ఉద్యమ్ నమోదు ఉన్నవారికి మరో దారి కూడా ఉంది. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ట్రెడ్స్ వేదికల్లో, కొన్న సంస్థ ఒప్పుకున్న బిల్లును బ్యాంకులు పోటీపడి వడ్డీ రేటు చెప్పి కొంటాయి. 250 కోట్లకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 నాటికి ఈ వేదికల్లో చేరాలని కేంద్రం ఆదేశించింది కాబట్టి, "మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా" అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

చివరికి ఇదంతా సరుకు ఆర్డరు ఇచ్చేటప్పుడు రాసుకునే నాలుగు మాటల మీద నిలబడుతుంది. పది రోజులు అంటే బిల్లు తేదీ నుంచా, లారీ దిగిన రోజు నుంచా? కట్టిన రోజంటే చెక్కు ఇచ్చిన రోజా, డబ్బు జమైన రోజా? సగమే కడితే సగానికి తగ్గింపు ఉంటుందా? ఇవి ముందే తేలకపోతే గొడవ తప్పదు. ఆర్డరు కాగితంలో ఇలా రాసుకోవచ్చు: "సరుకు సైటులో దిగిన రోజు నుంచి 10 రోజుల్లో మీ ఖాతాలో జమ చేసిన మొత్తానికి, పాత బాకీలతో సంబంధం లేకుండా, జీఎస్టీతో కూడిన బిల్లు విలువ మీద 2 శాతం తగ్గింపు వర్తిస్తుంది. కొంత మొత్తమే కడితే ఆ మేరకు వర్తిస్తుంది. క్రెడిట్ నోటు అదే నెలలో ఇవ్వాలి." దీనికి దుకాణదారు నుంచి సరేనని సమాధానం వచ్చాకే లారీని బయలుదేరమనాలి.